పంచడమా, అమ్మడమా?

తెలుగులో ఇవాళ కథలో కవిత్వమో వేదాంత వ్యాసాలో అచ్చు వేసుకునేవారిలో చాలామందికి ప్రచురణకర్త అంటూ వేరే ఎవరూ ఉండరు. డీటీపీ డబ్బులు తనవే, ముఖచిత్రం ఖర్చు తనదే, ప్రెస్సు బిల్లూ తనదే. ఒకప్పుడు 1000 ప్రతులు వేయడం రివాజు. ఇప్పుడు 300 దగ్గరో 500 దగ్గరో ఆగుతున్నారు. ఆవిష్కరణ సభలో శాలువాలూ ప్రసంగాలూ అయిపోయాక ఆ కట్టలు ఇంటికొస్తాయి. అక్కణ్ణుంచి వాటికి రెండే దారులు. సంతకం చేసి పెద్దలకూ మిత్రులకూ పత్రికలవాళ్లకూ పంచడం ఒకటి, మిగిలినవి అటకెక్కించడం రెండోది. ఊళ్లో పుస్తకాల షాపు ఉన్నా, లోపలికి వెళ్లి "మా పుస్తకం ఓ ఐదు కాపీలు పెట్టుకుంటారా అండీ?" అని అడిగేవాళ్లు తక్కువ. బద్ధకమో మొహమాటమో కారణమైతే దాని గురించి ఇంత ఆలోచించక్కర్లేదు. కానీ చాలామంది చెప్పే కారణం ధర్మానికి సంబంధించింది. విద్యను అమ్ముకోకూడదంటారు. రాయడం వరకే మన వంతు, ఫలం మీద ఆశ ఉండకూడదంటారు. మంచి పుస్తకమైతే దానంతటదే పాఠకుణ్ణి వెతుక్కుంటుందంటారు. ఈ మాటల వెనక బలమైన సంప్రదాయం ఉంది కాబట్టి వాటిని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. అయినా నాకు తోచేది దీనికి విరుద్ధంగా ఉంది. పుస్తకాన్ని ఊరికే పంచే రచయితకన్నా, కొట్టులో పెట్టమని అడిగే రచయితే ఫలాపేక్షకు ఎక్కువ దూరంలో ఉంటాడు. అడగడం కర్మలో భాగం. దాన్ని ఫలం ఖాతాలో వేసి వదిలేయడం వల్లే ఇంత గందరగోళం.

ముందు విద్యావిక్రయం మాట చూద్దాం. మనుస్మృతి మూడో అధ్యాయంలో శ్రాద్ధానికి పిలవకూడనివాళ్ల జాబితా ఉంది. జీతం తీసుకుని చదువు చెప్పేవాడూ, జీతమిచ్చి చెప్పించుకున్నవాడూ అందులో ఉన్నారు. పురాణాలు విద్యాదానాన్ని గొప్ప దానాల్లో చేర్చాయి. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి దానాల మీద రాసిన ఖండంలో గ్రంథం రాయించి ఇవ్వడం గురించి వివరంగా చెప్పాడు. ఇది ఒక్క మన దగ్గరే ఉన్న భావన కూడా కాదు. తేదీతో సహా దొరికిన అచ్చు పుస్తకాల్లో అతి పాతది, 868 నాటి చైనా వజ్రచ్ఛేదిక సూత్రం, తల్లిదండ్రుల పుణ్యం కోసం ఉచితంగా పంచడానికి అచ్చు వేయించినట్టు చివర రాసి ఉంటుంది. ముస్లింలలో ఖురాన్ ప్రతిని అమ్మడం తగునా కాదా అని తొలినాటి ధర్మవేత్తలు వాదించుకున్నారు. దక్షిణాసియాలో ఇప్పటికీ దానికి ధర అనకుండా హదియా, అంటే కానుక అని వేయడం ఆనవాయితీ. గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ 1923 నుంచి అతి తక్కువ వెలకు గ్రంథాలిస్తోంది. ఆధ్యాత్మిక సంఘాలు పంచే చిన్న పుస్తకాల వెనక అట్ట మీద 'వెల: అమూల్యం' అన్న మాట మనందరం చూసిందే. ఇన్ని మతాలవాళ్లకు ఇన్ని శతాబ్దాల పాటు జ్ఞానాన్నీ డబ్బునీ ఒకే త్రాసులో పెట్టడం ఇబ్బందిగా తోచిందంటే, అందులో ఏదో సత్యం ఉండే ఉంటుంది.

ఆ సత్యం ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. అదే మనుస్మృతి రెండో అధ్యాయంలో, చదువు పూర్తయ్యాక శిష్యుడు శక్తికొద్దీ గురువుకు ఇచ్చుకోవాలంటుంది. చదువు మొదలుకాకముందు మాత్రం ఏమీ ఇవ్వకూడదంటుంది. అంటే అభ్యంతరం డబ్బు చేతులు మారడం మీద కాదు. డబ్బు లేనివాడికి తలుపు మూసేయడం మీద, బేరం కుదిరాకే నోరు విప్పడం మీద. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో జ్ఞానాన్ని సరుకు చేసుకున్న వర్తకుడి మీద ఒక విసురు ఉంది. విద్యావిక్రయాన్ని తప్పుపట్టేవాళ్లు తరచూ తలుచుకునేది దాన్నే. ఆ మాట ఎవరి నోట వచ్చిందో మాత్రం మరిచిపోతారు. రాజుగారి కొలువులో జీతం తీసుకుంటున్న నాట్యాచార్యుడు గణదాసు అన్న మాట అది. కొలువు దొరికింది కదా అని, ఎవరైనా తన విద్యను పరీక్షకు పిలిస్తే భయపడి, నింద పడుతూ కూడా ఊరుకునేవాణ్ణి అతను వర్తకుడంటున్నాడు. జీతం తీసుకోవడం అతనికి తప్పుగా తోచలేదు, పరీక్షకు వెనకాడడమే తప్పుగా తోచింది. ఆ లెక్కన చూస్తే పుస్తకాన్ని ముక్కూమొహం తెలియని పాఠకుడి ముందు పెట్టే రచయిత పరీక్షకు నిలబడ్డవాడు. తెలిసినవాళ్లకే పంచి, వాళ్ల పొగడ్తలతో తృప్తిపడేవాడు తప్పించుకున్నవాడు.

ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. ఉచితమైన ఆ పాత చదువు ఎవరికి ఉచితం? గురువు డబ్బు అడగలేదు, నిజమే. కులం అడిగాడు, గోత్రం అడిగాడు. ఆడవాళ్లనీ శూద్రుల్నీ వేదం దరిదాపులకు రానివ్వలేదు. విద్యాదానంగా తాళపత్రాలు రాయించి మఠాలకు, గుళ్లకు ఇచ్చినప్పుడు కూడా అవి చేరింది అప్పటికే చదువున్న చేతుల్లోకే. ఆ కట్టు తెంచింది అణాల్లో వెల వేసి బజార్లో అమ్మిన అచ్చు పుస్తకం. 1854లో చెన్నపట్నంలో మొదలైన వావిళ్ల వారి ముద్రణాలయం రామాయణ భారత భాగవతాలతో పాటు కావ్యాల్నీ శాస్త్రాల్నీ అచ్చు వేసి అమ్మింది. డబ్బులు పెట్టగలిగిన ప్రతివాడికీ అవి దొరికాయి. కొట్టువాడు గోత్రం అడగడు. వెల ఒక గడపే, డబ్బు లేనివాణ్ణి అది ఆపుతుంది, కాదనను. కానీ పుట్టుక అనే గడపతో పోలిస్తే అది ఎక్కగలిగిన గడప. ఎక్కలేనివాడికి పక్కనే గ్రంథాలయం ఉంటుంది, కొన్నవాడి దగ్గర అరువు దొరుకుతుంది, షాపులో నిలబడి నాలుగు పేజీలు తిరగేసే వీలుంటుంది. విద్యావిక్రయం పాపమన్న సూత్రం అసలు కాపాడాలనుకున్నది జ్ఞానం అందరికీ అందడాన్నే అయితే, గత 170 ఏళ్లలో ఆ పని పుస్తకాల కొట్టు చేసినంతగా పంపకాలు చేయలేదు.

రెండో అభ్యంతరం గీత దగ్గర్నుంచి వస్తుంది. కర్మ చేయడానికే అధికారం, ఫలం మీద లేదు అన్న మాటను రచయితలు తమకు అన్వయించుకునే తీరు వింతగా ఉంటుంది. రాయడం, అచ్చు వేయడం కర్మ, అక్కడితో ఆగడం వైరాగ్యం అని లెక్క. రాసిన పుస్తకం చదవాలనుకున్నవాడికి దొరికే చోట ఉన్నప్పుడే కదా ఆ పని పూర్తయ్యేది? చదవడం, మెచ్చుకోవడం, మారడం పాఠకుడి చేతిలో ఉన్నాయి, అవి ఫలం. దొరికే చోట ఉంచడం మన చేతిలో ఉంది. దాన్ని ఫలంలో కలిపేసి వదిలేస్తే సగం పని చేసి ఊరుకున్నట్టే. ఈ రకం వదిలివేతను గీత 18వ అధ్యాయం ప్రత్యేకంగా పట్టించుకుంది. మోహంతో చేయవలసిన పని వదిలేయడం తామసం. కష్టంగా ఉందనీ, ఒంటికి శ్రమ అనీ భయపడి వదిలేయడం రాజసం, అలా వదిలినవాడికి త్యాగఫలం కూడా దక్కదు అని అక్కడి తీర్పు. షాపు మెట్లెక్కి అడగాలంటే సిగ్గు, కాదంటే చిన్నతనం, నెలల తర్వాత లెక్క అడగాలంటే తలనొప్పి. ఇన్ని బాధలు తప్పించుకోవడానికి వైరాగ్యం అడ్డం పెట్టుకుంటే దాన్ని ఏ త్యాగంలో వేయాలో గీతే చెప్పింది.

ఇక పంపకం సంగతి. గీత 17వ అధ్యాయం దానాన్ని కూడా మూడు రకాలు చేసింది. తిరిగి ఏ ఉపకారమూ చేయలేనివాడికి, తగిన చోట, తగిన వేళ, ఇవ్వాలి కనక ఇచ్చేది సాత్త్వికం. ప్రత్యుపకారం ఆశించి, ఫలం మీద కన్నేసి ఇచ్చేది రాజసం. మన కాంప్లిమెంటరీ కాపీల జాబితా ఒకసారి తీసి చూడండి. సమీక్ష రాయగలిగిన సంపాదకుడు, అవార్డు కమిటీలో ఉండే అవకాశమున్న ఆచార్యుడు, సభకు పిలిస్తే కుర్చీలు నిండుగా కనిపించేలా చేయగల సంఘాధ్యక్షుడు, తన పుస్తకం నిరుడు మనకిచ్చిన తోటి కవి. తిరిగి ఏమీ చేయలేనివాడు ఆ జాబితాలో ఒక్కడుంటాడా? లోపలి పేజీలో సంతకం పెట్టి, కింద 'మీ అమూల్యమైన అభిప్రాయం కోసం' అని రాయడమే చాలు, ఇచ్చింది దానమో బాకీయో తేలిపోవడానికి. ఫ్రాన్సు సామాజికవేత్త మార్సెల్ మాస్ 1925లో దానం మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఎన్నో సమాజాల ఆచారాలు పరిశీలించి, కానుకలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం మూడూ బాధ్యతలే అని తేల్చాడు. తెలుగు సాహిత్య సభల్లో దీనికి నిదర్శనాలు వెతకనవసరం లేదు. ఉచితంగా పుస్తకం పుచ్చుకున్నవాడు ఆ రచయితకు ఎదురుపడ్డ ప్రతిసారీ నేరస్థుడిలా నవ్వుతాడు. చదవలేదని చెప్పలేడు, చదివి నచ్చలేదని అంతకన్నా చెప్పలేడు. చివరికి ఆ పుస్తకం 'ప్రేమతో' అన్న సంతకంతో సహా కోఠీ, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద తేలుతుంది. దాన్ని అక్కడ బేరమాడి కొనుక్కున్న అపరిచితుడే చాలాసార్లు దాని మొదటి నిజమైన పాఠకుడు.

కొట్టులో ఉన్న పుస్తకానికి ఈ బాకీ ఉండదు. ఎవరో వచ్చి చేతిలోకి తీసుకుంటారు, వెనక అట్ట చదువుతారు, మధ్యలో ఒక పేజీ చూస్తారు, తిరిగి అక్కడే పెట్టేసి వెళ్తారు. ఎవరి మనసూ నొచ్చుకోదు. కొంటే కూడా ఎవరు కొన్నారో రచయితకు తెలియదు. చదివారో లేదో తెలియదు. మెచ్చుకున్నారో విసుక్కున్నారో ఏనాటికీ తెలియకపోవచ్చు. ఫలం తెలియకుండా పని చేయడాన్ని అభ్యాసం చేయాలనుకునేవాడికి ఇంతకన్నా మంచి అవకాశం సాహిత్యంలో మరొకటి లేదు. పాఠకుడి వైపు నుంచి చూసినా అంతే. తిరస్కరించే స్వేచ్ఛ ఉన్నచోటే స్వీకారానికి అర్థం ఉంటుంది. బుద్ధుడి కథలో ఒక ఘట్టం ఉంది, అది ఎందుకో అంతగా ప్రచారంలోకి రాలేదు. జ్ఞానోదయమయ్యాక ఆయన ముందు బోధించకుండా ఉండిపోదామనుకున్నాడు. బ్రహ్మ సహంపతి వేడుకున్నాక సరేనని బయల్దేరాడు. దారిలో మొట్టమొదట ఎదురైనవాడు ఉపకుడనే ఆజీవక సన్యాసి. విషయం విన్నాడు, కావచ్చులే అన్నట్టు తల ఊపి, పక్కదారి పట్టి పోయాడు. సారనాథ్‌లో చేసిన తొలి బోధ కన్నా ముందు జరిగింది ఇది. బుద్ధుడు ఉపకుడి వెంటపడలేదు. తల తిప్పుకుపోయాడని బోధ మానుకోనూ లేదు. నడిచి సారనాథ్ చేరాడు. చెప్పవలసిన చోటుకు వెళ్లడం, కాదన్నవాణ్ణి కాదననివ్వడం రెండూ ఆ ఒక్క ప్రయాణంలోనే ఉన్నాయి.

కాబట్టి షాపువాడు వద్దన్నా అది అవమానం కాదు, అతని హక్కు. ఆ హక్కు అర్థం కావాలంటే అతని లెక్క అర్థం కావాలి. అమ్మిన పుస్తకం వెలలో మూడో వంతు నుంచి సగం దాకా కొట్టుకు కమిషన్‌గా పోతుంది. 200 రూపాయల పుస్తకానికి 40 శాతం అనుకుంటే 80 అతనికి, 120 రచయితకు. ఇది దోపిడీ అని రచయితలు గొణుగుతారు. అద్దె, కరెంటు, ఒక సహాయకుడి జీతం, అమ్ముడుపోకుండా దుమ్ము పట్టే పుస్తకాలు ఆక్రమించిన అరలు, ఇవన్నీ ఆ 80లోంచే రావాలి. నిజానికి చాలా ఊళ్లలో ఆ అద్దె కడుతున్నవి గ్రూప్స్ పరీక్షల గైడ్లూ, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలూ, పంచాంగాలూను. మన కవిత్వం వాటి నీడన బతుకుతోంది. పైగా షాపువాడు సాధారణంగా పుస్తకం కొనుక్కోడు. అమ్ముడుపోతే డబ్బు, పోకపోతే వాపసు అన్న షరతు మీద ఉంచుకుంటాడు. డెలివరీ చలానా మీద ఎన్ని కాపీలో, కమిషన్ ఎంతో, లెక్క ఎన్ని నెలలకో రాసుకుని ఇద్దరూ సంతకాలు చేసుకుంటే తర్వాత మనస్పర్థలు ఉండవు. అట్ట మీద వెల ఉండాలి, వెన్ను మీద పేరు కనిపించాలి. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఐదు కాపీలతో మొదలుపెట్టడం మర్యాద. యాభై కాపీల కట్ట దింపి వెళ్లిపోవడం అతని అరల మీద దౌర్జన్యం.

ఈ చిన్న ఒప్పందంలో రచయిత వైపు ఉండే ధర్మాన్ని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. షాపులో 200కు పెట్టించి, వాట్సాప్‌లో అదే పుస్తకాన్ని పోస్టు ఖర్చులతో కలిపి 150కే పంపుతానని ప్రకటించడం నమ్మకద్రోహం. బంధువుల్ని ఒక్కొక్కరినే పంపి "ఫలానా పుస్తకం ఉందా?" అని అడిగించి గిరాకీ ఉన్నట్టు నటించడం అబద్ధం, ఎంత ముద్దుగా చెప్పుకున్నా. అంతకన్నా మామూలైపోయిన అబద్ధం పుస్తకం లోపలి పేజీలోనే ఉంటుంది. 'ప్రతులకు' అన్న శీర్షిక కింద రచయిత ఇంటి చిరునామా వేసి, దాని కింద 'అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాలలో' అని అచ్చు వేస్తారు. చాలాసార్లు ఆ కేంద్రాల్లో ఏ ఒక్కదానికీ పుస్తకం చేరి ఉండదు, అసలు ఎవరూ అడిగి కూడా ఉండరు. సత్యం గురించి 200 పేజీల వేదాంతం రాసిన పుస్తకం రెండో పేజీలోనే అసత్యం పలుకుతుంటే ఏమనుకోవాలి? షాపువాడి వైపు కూడా దోషాలున్నాయి. అమ్మిన డబ్బు ఏళ్ల తరబడి ఇవ్వనివాళ్లు ఉన్నారు, పుస్తకాలు ఏమయ్యాయంటే గోడౌన్ వైపు చూపించేవాళ్లు ఉన్నారు. అది తప్పే, రచయిత నిలదీసి అడగవలసిన తప్పు. ఫలం మీద ఆశ లేదు కాబట్టి లెక్క అడగను అనడం మళ్లీ అదే రాజస త్యాగం. పైగా అది రేపు వచ్చే ఇంకో రచయితకు హాని చేస్తుంది.

పోతన పేరెత్తకుండా ఈ చర్చ తెలుగులో ముగియదు. భాగవతాన్ని రాచకొండ సింగభూపాలుడికి అంకితమివ్వనని చెప్పి, శ్రీరాముడికే ఇచ్చాడన్న ఐతిహ్యం మన రచయితల ఆత్మాభిమానానికి మూలకందం. ఆయన పేరు చెప్పి, కావ్యకన్యను అంగట్లో పెడతామా అని అడుగుతారు. కానీ పోతన కాదన్నది ఏమిటి? ఒక్కడే కొనుగోలుదారు, వాడే ప్రభువు, వాడి పేరు కావ్యం నెత్తిన ఎక్కాలి, ప్రతిఫలంగా అగ్రహారమో కనకాభిషేకమో. కొట్టులో ఇవేవీ లేవు. ఎవరో తెలియని వందమంది ఒక్కొక్కరు తలా 200 పెట్టి కొంటే, ఆ వందమందిలో ఎవరికీ రచయిత తల వంచక్కర్లేదు. మన సాహిత్య చరిత్ర ఆ దిశగానే నడిచింది. 1897లో కన్యాశుల్కం మొదటి కూర్పు విజయనగరం మహారాజు ఆనందగజపతికి అంకితంగా వచ్చింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పుడు ఆధారపడింది చందాదారుల మీద. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్ర గ్రంథమాల, తర్వాత ఎమెస్కో ఇంటింటి గ్రంథాలయం, ఉద్యమాల్లోంచి పుట్టిన విశాలాంధ్ర, ప్రజాశక్తి పుస్తక కేంద్రాలు, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్, ఇవన్నీ సింగభూపాలుడి స్థానంలో మామూలు పాఠకుణ్ణి కూర్చోబెట్టిన ప్రయత్నాలే. ఇవాళ దాత డబ్బుతో అచ్చు వేయించి, దాతకే అంకితమిచ్చి, దాత చేతుల మీదుగా ఆవిష్కరించి, ఉచితంగా పంచే పద్ధతి మనల్ని మళ్లీ రాచకొండ వాకిట్లోకి తీసుకుపోతోంది. పోతన వారసులమని చెప్పుకునేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి.

మంచి పుస్తకం తనంత తానే నిలుస్తుందన్న మూడో మాట చరిత్ర ముందు అస్సలు నిలవదు. వేమన పద్యాలు జనం నోట ఉన్నాయి, నిజమే. కానీ ఇవాళ మన చేతికి పుస్తకంగా అందడానికి సి.పి.బ్రౌన్ రాతప్రతులు సేకరించి, పండితులకు జీతాలిచ్చి పాఠాలు సరిచూయించి, 1829లో అచ్చు వేయించడం కారణం. 15వ శతాబ్దపు అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద తిరుమల సంకీర్తన భాండారంలో ఎంత భద్రంగా ఉన్నాయంటే, కొన్ని వందల ఏళ్లు వాటిలో ఎక్కువ భాగం ఎవరికీ అందలేదు. 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు వాటిని చదివి, పరిష్కరించి, అచ్చులోకి తెస్తేనే మనం పాడుకుంటున్నాం. ఆ రెండుచోట్లా పుస్తకం నడవలేదు, ఎవరో మోశారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఒక వేటూరి వస్తాడన్న ధైర్యంతో తన 500 ప్రతులు అటక మీద పెట్టే రచయిత, తనను తాను ఎంత గొప్పగా ఊహించుకుంటున్నాడో గమనించాలి. వినయం పేరుతో చేసే పనుల్లో ఇంత అహంకారం నింపుకున్నది ఇంకోటి కనపడదు.

అహంకారం మాట వచ్చింది కనక, దాన్నే ఎదురు ప్రశ్నగా వేసేవాళ్లకూ జవాబు చెప్పాలి. షాపు చుట్టూ తిరిగి నా పుస్తకం పెట్టండి అనడం మాత్రం అహంకారం కాదా అంటారు. కావచ్చు. మనిషి చేసే ప్రతి పనిలోనూ అది దూరగలదు. అయితే అడిగేవాడి అహంకారానికి రోజూ దెబ్బ తగులుతుంది. షాపువాడు చూడకుండానే వద్దంటాడు, ఆరు నెలలకు వెళ్తే ఐదు కాపీలూ అలాగే ఉంటాయి, పై అరలోంచి కింది అరకు దిగి ఉంటాయి. అడగనివాడి అహంకారానికి ఏ దెబ్బా తగలదు. వాళ్లే నన్ను అడగాలి అన్న కోరిక లోపల్లోపల పచ్చగా పెరుగుతుంది. అందుకే సాధన దృష్టితో చూసినా మొదటిదే మేలు. ఆన్‌లైన్‌లో అమ్ముకుంటే ఇవన్నీ తప్పుతాయి కదా అంటే, అమ్ముకోండి, అభ్యంతరం లేదు. కానీ అక్కడికి వచ్చేవాడు చాలావరకు పేరు తెలిసి వెతికేవాడు. పేరే తెలియని పుస్తకం చేతికి తగిలే చోటు ఊళ్లోని కొట్టే. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలు ఆ పని గొప్పగా చేస్తాయి గానీ ఏడాదికి పది పన్నెండు రోజులే. గ్రంథాలయాల కొనుగోలు కోసం ఎదురుచూడడం ఇంకో అలవాటు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సుంకం మనమంతా కడుతూనే ఉన్నాం కాబట్టి దాన్ని గట్టిగా అడగాలి. అది వచ్చేదాకా షాపు మెట్లెక్కనక్కర్లేదన్న నిర్ణయానికి మాత్రం దాన్ని సాకు చేయకూడదు.

ఉచితంగా ఇవ్వడం అసలే కూడదని నేననడం లేదు. జైలు గ్రంథాలయానికి, కొనలేని విద్యార్థికి, పల్లెటూరి బడికి ఇచ్చిన పుస్తకం గీత చెప్పిన సాత్త్విక దానానికి సరిగ్గా సరిపోతుంది. వాళ్లు సమీక్ష రాయరు, సన్మానం చేయరు, సభకు రారు. అలాంటిచోట్లకు పది కాపీలు పక్కన పెట్టుకుని, మిగిలినవాటిలోంచి ఐదైదు చొప్పున మీ జిల్లాలో ఉన్న ప్రతి పుస్తకాల షాపుకీ చలానాతో సహా ఇచ్చి రండి. పాఠకులకు కూడా ఒక మాట. ఇకమీదట ఏ రచయితైనా సంతకం చేసిన పుస్తకం మీ చేతిలో ఊరికే పెట్టబోతే, దాన్ని మర్యాదగా తిరిగిచ్చి, ఏ షాపులో దొరుకుతుందో అడగండి. అక్కడికి వెళ్లి కొనుక్కోండి. ఆ షాపులో లేదంటే, తెప్పించమని షాపువాడితో చెప్పి రండి.